నాలుక కింద పది నిమిషాలు

కార్డు ఎన్నిసార్లు గీసినా మెషిన్‌ది ఒకటే మాట:
ముందస్తు అనుమతి కావాలి.
నేనింకా తల అడ్డంగా ఊపనేలేదు,
వర్లిన్ టోపీ తీసి కౌంటర్ మీద పెట్టాడు
చావు కబురు విన్నవాడిలా.

ఫిబ్రవరి నెల. వెస్ట్ వర్జీనియా.
కొండ మీంచి కరిగిన మంచు బొగ్గు రంగు పులుముకుని
మా మందుల షాపు గుమ్మం దాకా వచ్చింది.
అత్యవసరం కింద ఇవ్వగలిగిన మూడు రోజుల మందు
పోయినవారమే ఇచ్చేశాం.
అతని జేబులో మిగిలింది నారింజ రంగు పొర,
గోరంతది, అందులోనూ సగం.
మిగతా సగంతో నిన్న గడిచింది.

షాపు ఫోన్ అతని ముందుకి జరిపాను.
సంగీతం మొదలైంది.
లైన్లో ఉండండి, మీ కాల్ మాకు ముఖ్యం అంది ఒక గొంతు.
మళ్ళీ సంగీతం.

పందొమ్మిదేళ్లుగా ఇదే కౌంటర్ వెనక నేను.
గని కప్పు కూలి ఇతని నడుం విరిగిన ఏడాది
నొప్పి బిళ్ళలు లెక్కపెట్టిన చేతులు ఇవే.
నీలం ట్రే మీద, ఐదేసి చొప్పున, బద్దతో నెట్టి,
మొదట అరవై,
తర్వాత నూట ఇరవై,
తర్వాత నూట ఎనభై.
అప్పటి కార్డు వేరు, దాని మీది బొమ్మ వేరు.
ఎందుకిన్ని అని అది అడగలేదు.
నేనూ అడగలేదు.
"నీ చెయ్యి చల్లన" అనేవాడు సీసా అందుకుంటూ.

నలభై నిమిషాలు.
ముక్కు కారుతోంది. మోకాలు ఆడుతోంది.
ఆవులింత వెనక ఆవులింత,
అవి నిద్రవి కావని నాకు తెలుసు.
ఇక ఆగలేక
ఆ సగం పొర నాలుక కింద పెట్టుకున్నాడు.
పది నిమిషాలు మాట్లాడకూడదు, మింగకూడదు.
మింగితే వృథా,
పొట్టకి ఆ మందు భాష తెలీదు.

సరిగ్గా అప్పుడే సంగీతం ఆగింది.

నా పేరు రోవీనా, ఈ కాల్ రికార్డవుతోంది,
మీ పేరు చెప్పండి.

చెప్పండి సార్.

ఉన్నారా?

నేను అందుకోబోయాను.
"మీరు కాదు మేడం, కార్డు ఎవరిదో వాళ్ళే చెప్పాలి."
వర్లిన్ నా వంక చూశాడు. పెదాలు బిగిసే ఉన్నాయి.
వేలి కణుపుతో కౌంటర్ మీద కొట్టాడు.
టక్. టక్. టక్.
గనిలో చిక్కుకున్నవాళ్ళు పైపు మీద కొడతారే,
బతికే ఉన్నాం, తవ్వండి అని,
అలా.

అవతల కీబోర్డు చప్పుడు ఆగిపోయింది.
"నోట్లో మందుందా?"
టక్.
"ఎన్ని నిమిషాలైంది?"
టక్. టక్.
"సరే. లైన్లోనే ఉంటాను."

ఆమెకి ఎలా తెలుసో నేను అడగలేదు.
ఎనిమిది నిమిషాలు. సంగీతం లేదు.
ఎక్కడో ఏ ఊళ్ళోనో ఎవరో దగ్గారు,
కుర్చీ ఒకటి కిర్రుమంది,
ఆమె ఊపిరి మాత్రం మా దగ్గరే ఉంది.
ఆ తర్వాత వచ్చిన కస్టమర్,
దగ్గు మందు కోసం వచ్చిన పెద్దాయన,
ఏమీ తెలియకుండానే గొంతు తగ్గించాడు.

వర్లిన్ చివరికి నోరు తెరిచాడు.
నాలుక ఇంకా మొద్దుబారే ఉంది.
వర్లిన్ టేట్ స్టాంపర్. డెబ్బై ఒకటి, నవంబర్ తొమ్మిది.
పదకొండు నెలలైందమ్మా, అన్నాడు,
ఆమె అడగని ప్రశ్నకి.
ఆమె ఒక్క క్షణం తడబడింది.
తర్వాత స్క్రీన్ మీద ఉన్నదే చదివింది:
"నిర్ణయానికి డెబ్బై రెండు గంటలు పడుతుంది సార్."

టోపీ పెట్టుకున్నాడు.
గుమ్మం దగ్గర నల్లటి నీళ్ళని దాటలేదు,
వాటిలోంచే నడిచి వెళ్ళాడు.

నేను ట్రే తుడుస్తూ నిలబడ్డాను.
ఎంత మానుకుందామన్నా
నా బుర్ర లెక్కపెడుతూనే ఉంటుంది.
డెబ్బై రెండుని ఐదేసిగా నెడితే
రెండు మిగులుతాయి.
ఆ రెండు గంటలూ ఏ సీసాలో వెయ్యాలో
నాకు తెలియడం లేదు.